ఇనుప పీపాల దారి

హఫ్నావీ ఏప్రిల్ చివర్లో తప్పిపోయాడు. ఎండలు ముదరకముందే దక్షిణాన ఉన్న పెద్ద ఇసుకలోకి బైకుల మీద ఐదు రోజులు తిరిగి రావాలని మేం నలుగురం అనుకున్నాం. దారిలో లకహల్ బావి ఉంది. అందులో ఇంకా నీళ్ళున్నాయో లేవో ముందే చూసొస్తానని వాడు శుక్రవారం నమాజు కాగానే ఒక్కడే బయల్దేరాడు. ఎవరూ పొమ్మనలేదు. వాడికి ఆగడం చేతకాదు, అంతే. సాయంత్రానికి గాలి లేచింది. లేచిన గాలి రెండు రోజుల దాకా దిగలేదు.

ఎల్ వాద్ ఊరు ఊరంతా కదిలింది. బండి ఉన్నవాడల్లా నీళ్ళు, రొట్టెలు వేసుకుని ఇసుకలోకి దిగాడు. వాడి బైకు దొరికింది. చైను తెగి, అది తగిలి ఇంజను పక్కన పగిలి ఉంది. ఒక తిన్నె వారన, పడిపోకుండా స్టాండు కింద రేకు ముక్క పెట్టి మరీ నిలబెట్టాడు. నీళ్ళ సంచీ లేదు, మనిషి లేడు. అడుగుజాడలు గాలి చెరిపేసింది. ఉత్తరాన రోడ్డు వైపు, తూర్పున బావి వైపు జల్లెడ పట్టారు. మే నెల సగమయ్యేసరికి వెతికేవాళ్ళే వడదెబ్బకి పడిపోవడం మొదలైంది. ఇక చాలన్నారు పోలీసులు.

నవంబరులో చల్లబడింది. ఎవరూ ఎవర్నీ పిలవకుండానే మిగిలిన ముగ్గురం తీజానీ కొట్లో చేరాం.

తీజానీది ఇనుప తలుపులు, కిటికీ చువ్వలు అతికే కొట్టు. నోరు పెద్దది. నూరీ ఆస్పత్రిలో నర్సు, మాలో అందరికంటే నెమ్మదస్తుడు. నేను బషీర్‌ని, కారు తోలడం నేర్పే బడి నడుపుతాను. ముగ్గురికీ నలభై దాటాయి. చిన్నప్పట్నించీ ఇసుకే మా ఆటస్థలం.

"బైకు దొరికిన చోటుకి నైరుతిన ఎవరూ వెతకలేదు," అన్నాడు నూరీ. "అక్కడ తిన్నెలు మెత్తన. కార్లు పోలేవు."

"మన బైకులు పోతాయి," అన్నాడు తీజానీ.

అలా మొదలైంది. ఏప్రిల్లో సరదా కోసం అనుకున్న ప్రయాణమే. అదే ఐదు రోజులు. అప్పుడు అటకెక్కించిన సంచులే మళ్ళీ దించాం.

మా బైకులు రోడ్డు మీద తిరిగేవి కావు. సన్నగా, గుర్రమంత ఎత్తుగా ఉంటాయి, కూర్చుని తోలేది తక్కువ, నిలబడి తోలేది ఎక్కువ. గట్టి నేల మీద వంద కిలోమీటర్లు పోయే పెట్రోలు ఇసుకలో యాభై పోతే గొప్ప. పెట్రోలు మోయాలి, నీళ్ళు మోయాలి, విడి సామాను మోయాలి. బరువు ఎక్కువైతే బైకు కూరుకుపోతుంది, తక్కువైతే మనిషి చస్తాడు. మా సాయంత్రాలన్నీ ఈ రెండింటి మధ్యే గడిచాయి. తీజానీ వెనక సీటుకి అటూ ఇటూ రేకు పెట్రోలు డబ్బాలు అతికాడు. నూరీ మందుల సంచీ సర్దాడు. దంచిన ఖర్జూరం ముద్దలు, వేయించిన బార్లీ పిండి, టీ ఆకు నా వంతు. వంట అంటూ పెట్టుకోకూడదని, టీ తప్ప మంట రాజేయకూడదని ముందే అనుకున్నాం.

సన్నటి ఇసుక ఇంజన్లోకి పోకుండా గాలి వడకట్టే ఫిల్టరు మీద ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళు తొడగాలి. అవి కొనడానికి తీజానీ నూరీని బజారుకి తోలాడు. వాడు చెవుల దాకా ఎర్రబడి తిరిగొచ్చాడు.

"అమ్మే ఆవిడ ఏ సైజు కావాలంది రా."

"ఏం చెప్పావ్?"

"నాలుగొందల యాభై సీసీ అన్నాను."

ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వయ్యాక ఎవరం ఎవరి మొహమూ చూడలేదు. హఫ్నావీ అయితే దాని మీద ఇంకో మాట వేసేవాడు. ఆ మాట ఏమయ్యుండేదా అని ముగ్గురం ఆలోచిస్తున్నామని ముగ్గురికీ తెలుసు.

అడగాల్సిన మాట చివరికి తీజానీయే అడిగాడు, చేతిలో స్పానరుతో బోల్టు బిగిస్తూ, తల ఎత్తకుండా.

"దొరికితే ఏం చేద్దాం?"

నూరీ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. "ఏడు నెలలు. ఎండ, ఇసుక. ఎండిపోయి ఉంటాడు. బరువేం ఉండడు."

"బైకు మీద పడతాడా?"

"పడతాడు," అన్నాడు నూరీ. "కానీ మనం తేకూడదు. కదపకుండా గుర్తు పెట్టుకుని, ఫొటోలు తీసుకుని వచ్చేయాలి. డాక్టరు, పోలీసులు వచ్చి చూస్తేనే కోర్టు నమ్ముతుంది. మనం ఎముకలు మూటగట్టుకుని వస్తే ఎవరివో అంటారు."

"అంటే వాణ్ణి అక్కడే వదిలేసి రావాలన్నమాట. మళ్ళీ."

తీజానీ స్పానరు బల్ల మీద పడేసి టీ పెట్టడానికి లేచాడు.

హఫ్నావీ బైకూ మా బైకులూ ఒకే రకం. దాని వెనక చక్రం, పెట్రోలు ట్యాంకు మంచివే ఉన్నాయి. అవి ఉంటే మాకు ధైర్యం. అడుగుదామని నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఇంట్లో ఉండేది వాడి తండ్రి హాజ్ లయీద్, వాడి భార్య సాదియా, నాలుగేళ్ళ కూతురు రీమ్. హాజ్ వయసులో ఉండగా ఎడారిలో లారీలు నడిపిన మనిషి. ఇప్పుడు ఖర్జూరపు తోట చూసుకుంటున్నాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కడే కొడుకు.

వాకిట్లో నీడన కూర్చుని ఖర్జూరాలు ఏరుతున్నాడు. సంగతి చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు.

"వాడొచ్చి నా బండి చక్రమేదీ అని అడిగితే ఏం చెప్పమంటావ్ రా?"

"బాబాయ్..."

"గదామిస్‌లో చూశారని చెప్పానా లేదా?"

"ఎవరు చూశారు బాబాయ్?"

"చూసినవాళ్ళు చూశారు. లిబియాలో పని దొరికుంటుంది. వస్తాడు. మీరు ఎడారిలో పీనుగుని వెతుక్కుంటూ తిరిగి నా కొడుకుని చంపకండి."

లేచి వెళ్ళి బైకు ఉన్న గదికి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని మళ్ళీ వచ్చి ఖర్జూరాల ముందు కూర్చున్నాడు. లోపల గుమ్మం తెర వెనక సాదియా నిలబడి ఉందని నాకు తెలుస్తూనే ఉంది. తెర కింద ఆమె పాదాలు కనిపిస్తున్నాయి.

మర్నాడు ఆమె మా బడికి వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని, చంకలో ఒక మూటతో. పాఠానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళని బయటికి పంపి కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"అన్నయ్యా, ఇది మీ సామానులో పెట్టుకోండి."

మూటలో ఉతికి మడతపెట్టిన కొత్త తెల్లగుడ్డ, కర్పూరం పొట్లం. శవానికి చుట్టే కఫన్ గుడ్డ. అంచులు తనే కత్తిరించినట్టుంది, దారాలు వేలాడుతున్నాయి.

"దొరక్కపోతే దీన్ని వెనక్కి తేవొద్దు. ఎక్కడైనా వదిలేయండి. మళ్ళీ నా పెట్టెలో పెట్టుకోలేను."

"అలాగే చెల్లెమ్మా."

"మీరు కూడా ఏమైనా అనుకుంటున్నారేమో. దీనికి మొగుడి చావు మీద తొందరెక్కువ అని ఊళ్ళో అంటున్నారు. మామయ్య కూడా ఇమాంతో అన్నాడట." గొంతు పెంచలేదు. "పొద్దున లేవగానే నేనెవర్నో నాకు తెలీదన్నయ్యా. పెళ్ళాన్నంటే మొగుడు లేడు. విధవనంటే శవం లేదు. పండక్కి పక్కింటివాళ్ళు గోరింటాకు తెచ్చారు. పెట్టుకోవాలో మానాలో తెలీక పిల్లకి పెట్టి ఊరుకున్నాను. పోయాడని రాసివ్వమని కోర్టుకి పోతే ఏళ్ళు ఆగమన్నారు. మా పుట్టింటికి బిస్క్రాకి పోదామంటే, మొగుడు బతికుండగా ఆయన ఇల్లు వదిలి ఎలా పోతావంటాడు మామయ్య."

రీమ్ నా బల్ల మీది కారు బొమ్మని అటూ ఇటూ తోస్తోంది. సాదియా దాన్ని చూస్తూ అంది: "వారం వారం అడుగుతాను మామయ్యని, ఏమైనా తెలిసిందా అని. లేదు తల్లీ అంటాడు. పాపం ఆయనకి మాత్రం ఎవరున్నారు."

ఆ మూట నేనే నా సంచీలో అడుగున పెట్టాను.

ఇసుకలోకి పోవాలంటే పోలీసుల అనుమతి కావాలి. ఠాణాలో అధికారి మా కాగితం చూసి, చాలాసేపు కలంతో బల్ల మీద కొడుతూ కూర్చున్నాడు.

"హాజ్ లయీద్ వచ్చి వెళ్ళాడు. వాళ్ళని పోనివ్వొద్దు, నాకు ఇష్టం లేదు అన్నాడు."

"ఆయన ఇష్టంతో మాకేం పని సార్? మేం బైకులు తోలుకుంటాం," అన్నాడు తీజానీ.

"నువ్వు నోరు మూసుకుంటే సంతకం పెడతాను."

తీజానీ మూసుకున్నాడు. అధికారి సంతకం పెట్టి, ముగ్గురికి తగ్గితే ఈ అనుమతి చెల్లదని చెప్పాడు. ఒకడు పడితే ఒకడు దగ్గరుండాలి, ఇంకొకడు సాయానికి రావాలి. అది సబబుగానే తోచింది.

బయల్దేరే ముందు పూర్తి బరువుతో ఒకసారి తోలి చూడాలి. ఊరికి దక్షిణంగా బంగాళదుంప మళ్ళు దాటితే తిన్నెలు మొదలవుతాయి. నీళ్ళు, పెట్రోలు నింపుకుని, సంచులు కట్టుకుని ముగ్గురం అక్కడికి పోయాం. ఎండ నిటారుగా ఉంది. ఆ వేళలో ఇసుక తెల్లకాగితంలా ఉంటుంది, ఎక్కడ లేచిందో ఎక్కడ పడిందో నీడ చెప్పదు. ముందు తీజానీ, తర్వాత నూరీ, వెనక నేను. తీజానీ ఒక తిన్నె కొన దగ్గర చివరి క్షణంలో పక్కకి తిప్పుకున్నాడు. నూరీ కూడా తిప్పాడు, కానీ బరువున్న బైకు తిరగలేదు. అవతల వైపు ఇసుక కత్తితో కోసినట్టు తెగి ఉంది. బైకూ వాడూ నా కళ్ళ ముందు మాయమయ్యారు.

నేను పైకెక్కి చూసేసరికి వాడు కింద ఉన్నాడు, వాడి మీద బైకు ఉంది. డబ్బా చిట్లి పెట్రోలు వాడి చొక్కా మీదికి కారుతోంది. ఇంజను ఇంకా తిరుగుతోంది. తీజానీ దూకి తాళం తిప్పాడు. ఇద్దరం కలిసి బైకు లేపాం. నూరీ అరవలేదు. తన మెడ కింద తనే చేత్తో తడుముకుని, "కాలర్‌బోన్ విరిగింది. పక్కటెముకలు కూడా ఉండొచ్చు. నన్ను కూర్చోబెట్టకండి," అన్నాడు, వేరే ఎవరో రోగి గురించి చెప్తున్నట్టు. తర్వాత కళ్ళు తేలేశాడు.

మళ్ళలో దుంపలు తవ్వుతున్నవాళ్ళ ట్రాలీ మీద వాణ్ణి రోడ్డుకి చేర్చాం.

ఆస్పత్రిలో వాడు పనిచేసే వార్డులోనే వాడికి మంచం వేశారు. ఒక పక్కటెముక ఊపిరితిత్తికి గుచ్చుకుంది, గొట్టం పెట్టారు. మర్నాడు నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మ పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. కాసేపటికి హాజ్ లయీద్ వచ్చాడు. తెల్ల తలపాగా, చేతిలో ఖర్జూరాల బుట్ట. ఆమెకి సలాం చెప్పి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. "నీ కొడుకు కోసమే కదా హాజ్, పోనీలే," అంది. "కానీ వీడు లేచాక మళ్ళీ పోతానంటున్నాడు. ఈ బషీరూ, ఆ తీజానీ ఈలోపే పోతారట. వాళ్ళకీ తల్లులున్నారు. నువ్వు చెప్తే వింటారు. ఒక్క మాట చెప్పు."

హాజ్ నూరీ పక్కటెముకల్లోంచి వస్తున్న గొట్టాన్ని చూస్తూ నిలబడ్డాడు. దాని చివర సీసాలో ఎర్రనీళ్ళు బుడగలు కొడుతున్నాయి. బుట్ట కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మేం నిజంగానే పోదామనుకున్నాం. అనుమతి చెల్లదు, అయినా సరే. తీజానీ మొండికేశాడు. "ఇప్పుడు ఆగితే ఇక పోము రా. చలికాలం పోతే మళ్ళీ ఎండ. ఏడాది గడిస్తే అక్కడ వెతకడానికి ఏం మిగుల్తుంది?" నూరీ మోయాల్సిన నీళ్ళు మేమిద్దరం పంచుకున్నాం. విడి సామానులో సగం తీసేశాం. మందుల సంచీ నాకొచ్చింది. అందులో దేన్ని ఎలా వాడాలో నాకు తెలీదు. ఆ సంగతి తీజానీకీ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

బయల్దేరబోయే ముందురోజు, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక, హాజ్ కొట్లోకి వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆ గడప తొక్కలేదు. సామాను కట్టి నిలబెట్టిన రెండు బైకులనీ చూశాడు. లారీ మనిషి కదా, చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక పట్టీ లాగి చూసింది, బిగువుందో లేదోనని.

"ఎటునుంచి పోతారు?"

తీజానీ చాక్‌పీసుతో నేల మీదే గీసి చూపించాడు. బైకు దొరికిన చోటు, అక్కణ్ణించి నైరుతికి, మెత్తటి తిన్నెల్లోకి.

"అక్కడ ఇద్దరూ కూరుకుపోతారు," అన్నాడు హాజ్.

"పోతే పోయాం."

"అక్కడ లేడు."

"లిబియాలో ఉన్నాడంటావు. విన్నాం బాబాయ్."

"లిబియాలో లేడు." తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పీపాల దారిలో ఉన్నాడు. నేనే పూడ్చాను. జూన్‌లో."

తీజానీ చేతిలో చాక్‌పీసు అలాగే ఉండిపోయింది. బయట ఎవరిదో రేడియో మోగుతోంది. నేను వెళ్ళి షట్టరు సగం దించాను.

హాజ్ నేల మీది గీతలకేసి చూస్తూనే చెప్పాడు. "వాడికి పదేళ్ళప్పుడు నా లారీలో ఆ దారిన తీసుకెళ్ళాను. అప్పట్లో చమురు కోసం తవ్వేవాళ్ళు వేసిన దారి. పొడుగునా ఇనుప పీపాలు పాతి ఉండేవి. ఎప్పుడైనా తప్పిపోతే పీపాల దగ్గరికి పో, అక్కడే నీడలో కూర్చో, కదలకు, ఏదో ఒక లారీ వస్తుంది అని చెప్పాను. ఆ దారిలో లారీలు పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ సంగతి వాడికి మాత్రం తెలీదా. కానీ దాహంలో మనిషికి చిన్నప్పుడు విన్నదే గుర్తొస్తుందేమో. వాడు పీపాల దగ్గరికే వెళ్ళాడు బషీర్. వెళ్ళి కూర్చున్నాడు."

"వెతికేటప్పుడు చెప్పలేదేం?" అన్నాడు తీజానీ.

"అప్పుడు తట్టలేదు రా. అందరూ రోడ్డు వైపన్నారు, నేనూ రోడ్డు వైపే అన్నాను. అంతా ఆగిపోయాక, ఒకరోజు అన్నం ముందు కూర్చుంటే తట్టింది. తుగ్గూర్త్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి బండి తీసుకుపోయాను. మూడో పీపా దగ్గరే ఉన్నాడు. వీపు ఆనించుకుని." ఒళ్ళోని తలపాగా వైపు చూశాడు. "ఇలాంటిదే చుట్టాను. తెచ్చిన నీళ్ళు చాలవు, ఇసుకతోనే శుద్ధి చేశాను. జనాజా నమాజు ఒక్కణ్ణే చదివాను."

"ఇంటికొచ్చి ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అన్నాను.

"చెబ్దామనే వచ్చాను. తలుపు తీయగానే పిల్ల వచ్చి కాళ్ళకి చుట్టుకుంది. సాదియా కాళ్ళకి నీళ్ళిచ్చింది, కళ్ళకి ఏమన్నారు మామయ్యా అని అడిగింది. చుక్కలమందు ఇచ్చారన్నాను. చెప్తే వెళ్ళిపోతుంది కదా రా. పిల్లని తీసుకుని. ఇవాళ చెబ్దాం, రేపు చెబ్దాం అనుకున్నాను. తర్వాత లిబియా అన్నాను. అన్నాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను."

తీజానీ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. "నూరీ గాడు," అన్నాడు. "నూరీ గాడు అక్కడ గొట్టం పెట్టుకుని పడున్నాడు."

"అందుకే వచ్చాను," అన్నాడు హాజ్.

సాదియాకి నన్ను చెప్పమని బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. "నువ్వే చెప్పాలి బాబాయ్. కావాలంటే పక్కన నిలబడతాను."

ఇద్దరం నడిచి వెళ్ళాం. సాదియా వాకిట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. మా మొహాలు చూడగానే చేతులు ఆగాయి. హాజ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. అక్కడే నిలబడి, కొట్లో మాకు చెప్పినంతా చెప్పాడు, ఒక్కటీ దాచలేదు. తుగ్గూర్త్ అబద్ధం, లిబియా అబద్ధం, అన్నీ.

ఆమె ఏడవలేదు. పిండి అంటిన చేతులు ముందుకి చాపి అలాగే కూర్చుంది.

"జూన్‌లో," అంది.

"అవును తల్లీ."

"జూన్ నుంచీ నీకు రోజూ వండి పెట్టాను మామయ్యా. వారం వారం అడిగాను."

ఆయన తల దించుకున్నాడు.

"నిన్ను చూసి జాలిపడ్డాను నేను." అది ఆమె ఆయనతో అన్న ఆఖరి మాట. లేచి, చేతులు కడుక్కుని, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. ఆ రొట్టెల పిండి పళ్ళెంలోనే ఎండిపోయింది.

బిస్క్రా నుంచి ఆమె అన్న వచ్చాడు. ఆ వారమే అందరం బయల్దేరాం. పోలీసుల బండిలో డాక్టరు, ఇమాం, సాదియా, ఆమె అన్న. ముందు హాజ్ తన పాత బండిలో ఒక్కడే. ఆమె ఆ బండి ఎక్కలేదు. వెనక మేమిద్దరం బైకుల మీద. కట్టిన సామాను విప్పడానికి మనసొప్పక ఐదు రోజుల బరువుతోనే తోలాం. పీపాల దారి పడమటి నుంచి చుట్టూ తిరిగి పోతుంది, కింద గట్టి రాతి నేల. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరాం. కార్లు పోలేని చోట ఉంటాడని మేం లెక్కలు వేశాం, వాడున్న చోటికి కారులో ఒక్కపూటలో పోవచ్చు. తీజానీ హెల్మెట్ తీసి చుట్టూ చూశాడు. ఎటు చూసినా మేం గీసిన గీతల్లో ఒక్కటీ ఇటు రాలేదు.

తుప్పుపట్టిన పీపా, దాని పక్కన రాళ్ళు పేర్చిన చిన్న గుట్ట, తల దగ్గర ఖర్జూరపు మట్ట. డాక్టరు చూడాలి కాబట్టి తవ్వక తప్పలేదు. తీజానీ, నేనూ తవ్వాం. పార వాడలేదు, చేతులతోనే. తలపాగా గుడ్డ కనిపించాక సాదియా అన్న ఆమెని వెనక్కి తీసుకుపోబోయాడు. ఆమె కదల్లేదు. డాక్టరు పళ్ళు చూశాడు, ఎడమ మణికట్టు దగ్గర ఎప్పుడో ఎముక విరిగినప్పుడు వేసిన ఇనుప ప్లేటు చూశాడు. పోలీసు రాసుకున్నాడు. హాజ్ దూరంగా బండి బంపరు ఆనుకుని మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

నా సంచీ అడుగునున్న మూట తీసి ఆమెకిచ్చాను. ఆమే తలపాగా మీదుగా ఆ తెల్లగుడ్డ పరిచింది, కర్పూరం చల్లింది. మళ్ళీ పూడ్చి, ఈసారి అందరం వరుసలో నిలబడి నమాజు చదివాం. హాజ్ చివర్లో వచ్చి వరుస చివర నిలబడ్డాడు. ఎవరూ జరగలేదు, ఎవరూ చోటివ్వలేదు.

తిరిగొచ్చేముందు ఆమె ఇమాంని అడిగింది, భర్త పోయిన ఆడది కూర్చోవాల్సిన ఇద్దత్ ఇవాళ్టి నుంచి మొదలవుతుందా అని.

ఆయన ఇబ్బంది పడ్డాడు. "లెక్క ఆయన పోయిన రోజు నుంచమ్మా. నాలుగు నెలల పది రోజులు. అది సెప్టెంబరులోనే అయిపోయింది. నీకు తెలియకపోయినా అయిపోయినట్టే."

"అయిపోయిందా," అంది. "నేనెప్పుడు కూర్చున్నాను?"

"నేను ఇవాళ్టి నుంచే లెక్కపెట్టుకుంటాను," అని ఆమె బండి ఎక్కి తలుపు వేసుకుంది.

నూరీ మూడు వారాలకి ఇంటికొచ్చాడు. భుజం వంకరగానే అతుక్కుంది, ఆ చెయ్యి తలపైకి లేవదు. ఇప్పుడు వార్డులో రోగుల్ని ఎత్తే పని వేరేవాళ్ళు చేస్తారు. తీజానీ తన బైకుని గెమార్‌లో ఒక కుర్రాడికి అమ్మేశాడు. నాది ఉంది, కానీ తీయడం లేదు.

ఊరు హాజ్‌ని కొన్నాళ్ళు పలకరించలేదు. మసీదులో ఆయన పక్కన జాగా ఖాళీగా ఉండేది. నూరీ వాళ్ళమ్మ మాత్రం రెండుసార్లు పులుసు పంపింది.

సాదియా డిసెంబరులో బిస్క్రా బస్సెక్కింది. తెల్లబట్టల్లో ఉంది. నేనూ తీజానీ సామాను ఎక్కించడానికి వెళ్ళాం. హాజ్ కూడా వచ్చి స్టాండు చివర గోడ పక్కన నిలబడ్డాడు. రీమ్ చూసి పరిగెత్తింది. సాదియా పిలవలేదు, ఆపలేదు. ఆయన పిల్లని ఎత్తుకున్నాడు, చాలాసేపు ఎత్తుకునే ఉన్నాడు. డ్రైవరు హారన్ కొట్టాక సాదియా దగ్గరికి వెళ్ళి చేతులు చాపింది. ఆయన ఇచ్చేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. పిల్ల మాత్రం తల్లి భుజం మీంచి, "తాతా, నువ్వు రావా?" అని అడిగింది.

బస్సు మూలమలుపు తిరిగిపోయింది. హాజ్ మా దగ్గరికి వచ్చాడు. ఏం చేయాలో తెలీనట్టు చేతులు జేబుల్లో పెట్టి తీశాడు.

"బిస్క్రా రోడ్డు ఇప్పుడెలా ఉంది రా? నేను తోలే రోజుల్లో గుంతలు ఎక్కువ."

"బాగానే ఉంది బాబాయ్," అన్నాడు తీజానీ. "కొత్తగా వేశారు."

"మంచిది," అన్నాడాయన.

ఇంటికి పోవడానికి మాత్రం కదల్లేదు. మేం కూడా ఆయన పక్కనే నిలబడ్డాం.